యుద్ధం ఆగిన దేశానికి రాజ్యాంగం: మొదటి పేజీలో ఏం రాయాల?

తుంగభద్ర_గట్టు (కర్నూలు), రాత్రి 9:12
అందరికీ నమస్తే. నేను కర్నూల్లో లా మూడో సంవత్సరం. వచ్చే వారం మా కాలేజీలో మాక్ రాజ్యాంగ సభ పెడుతున్నారు. ఒక ఊహా దేశం ఇచ్చి దానికి రాజ్యాంగం రాయమన్నారు. దేశం సంగతి ఏందంటే, తొమ్మిదేళ్లు లోపల్లోపలే యుద్ధం జరిగి మొన్ననే కాల్పులు ఆగినాయి. జనంలో నూటికి అరవై మంది ఒక భాషోళ్లు, ముప్పై మంది ఇంకో భాషోళ్లు, మిగిలిన పది మంది చిన్నా చితకా తెగలు. నది పుట్టేది ముప్పై శాతం వాళ్ల కొండల్లో, పారేది అరవై శాతం వాళ్ల పొలాల్లో, రాజధాని కూడా వాళ్ల దగ్గరే. తిరుగుబాటు సైన్యం ఇంకా తుపాకులు కింద పెట్టలేదు. మా టీమ్ ఆ ముప్పై శాతం తరఫున కూర్చోవాల. మా వాళ్లలో సగం మంది "మన రాజ్యాంగమే కాపీ కొట్టి పేర్లు మారిస్తే సరిపోదా" అంటాండారు. అది కుదరదని నాకు తెలుస్తానే ఉంది కానీ ఎందుకు కుదరదో గట్టిగా చెప్పడం రావట్లా. దేంతో మొదలుపెట్టాల?

గ్రూప్స్_బ్యాచ్ (నంద్యాల), రాత్రి 9:20
సింపుల్ అక్కా. ప్రియాంబుల్, ఫండమెంటల్ రైట్స్, ఫెడరల్ స్ట్రక్చర్, స్వతంత్ర న్యాయవ్యవస్థ, సవరణ విధానం. అయిపాయె. మెయిన్స్‌లో నేనైతే ఇంతే రాస్తా, మార్కులు పడతాయి.

అనంత_మాస్టారు (అనంతపురం), రాత్రి 9:47
నాయనా, మార్కులు పడతాయి గానీ తుపాకీ పట్టుకుని కూర్చున్నోడు ప్రియాంబుల్ చదివి తుపాకీ కింద పెట్టడు.

అమ్మా, మన రాజ్యాంగం ఎందుకు కాపీ కుదరదో చెప్తా. మన సభ కూర్చున్నప్పుడు దేశంలో ఘోరమైన రక్తపాతం జరిగిన మాట నిజమే. కానీ విడిపోయేవాళ్లు విడిపోయినాక మిగిలిన సభలో కాంగ్రెస్‌ది తిరుగులేని బలం. సొంత సైన్యం పెట్టుకుని టేబుల్‌కి అవతల కూర్చున్న పార్టీ అంటూ లేదు. కాబట్టే 2 సంవత్సరాల 11 నెలల 18 రోజులు ఒక్కో ఆర్టికల్ చర్చించుకోగలిగినారు. మా జిల్లా నుంచి కల్లూరి సుబ్బారావు గారు, నీలం సంజీవరెడ్డి గారు ఆ సభలో ఉన్నోళ్లే. మీ ఊహా దేశానికి ఆ వీలు లేదు. అక్కడ ప్రతి క్లాజూ కాల్పుల విరమణ నిలుస్తుందా లేదా అనే లెక్కలో నడుస్తుంది.

అందుకని "ఏం రాయాల" అనేదానికంటే ముందు "ఎవరు రాయాల" తేల్చుకోండి. ఎన్నికలు పెట్టి సభ చేస్తే అరవై శాతం వాళ్ల చేతికే కలం పోతుంది, మీ ముప్పై శాతం వాళ్లు ఎన్నికలకే రారు. ఎన్నికల్లేకుండా నాయకులు గదిలో కూర్చుని రాసుకుంటే రేపు జనం మాది కాదంటారు. ఈ ముడిని బాగా విప్పింది నా లెక్కలో దక్షిణాఫ్రికా వాళ్లు. రెండు మెట్లు పెట్టుకున్నారు. 1993లో నాయకులు కూర్చుని తాత్కాలిక రాజ్యాంగం రాసుకున్నారు, దాని చివర 34 సూత్రాలు చేర్చినారు. 1994 ఎన్నికల్లో గెలిచినోళ్లు, మొత్తం 490 మంది, కొత్త రాజ్యాంగం రాయొచ్చు, కానీ ఆ 34 సూత్రాలు దాటకూడదు. దాటినారో లేదో చూసేది కొత్తగా పెట్టిన రాజ్యాంగ కోర్టు. మామూలుగా అయితే ఇట్లాంటి కోర్టు తల ఊపుతుంది. వీళ్లు 1996 సెప్టెంబర్ 6న, సభ పాస్ చేసిన రాజ్యాంగాన్ని కొన్ని చోట్ల సూత్రాలకు తగ్గట్టు లేదని వెనక్కి పంపినారు! సభ కిక్కురుమనకుండా సరిదిద్దుకుని మళ్లీ తెచ్చింది. డిసెంబర్ 4న కోర్టు ఒప్పుకుంది, 10న అధ్యక్షుడు మండేలా షార్ప్‌విల్‌లో సంతకం పెట్టినాడు. 1960లో పోలీసులు 69 మందిని కాల్చి చంపిన ఊరు అది.

మీరు ముప్పై శాతం తరఫున కదా, మొదటి పట్టు అక్కడ పట్టండి. ఎన్నికలకు ఒప్పుకుంటాం, కానీ ఎన్నికలకు ముందే సూత్రాలు రాసి సంతకాలు పెట్టాల అనండి.

కడప_ప్లీడర్ (కడప), రాత్రి 10:05
మాస్టారు చెప్పింది బాగుంది గానీ దక్షిణాఫ్రికా ఉదాహరణ ఈ పాప దేశానికి పూర్తిగా అతకదు. అక్కడ అణిగిపోయినోళ్లే మెజారిటీ. ఇక్కడ మైనారిటీ కొండల్లో సైన్యం పెట్టుకుని ఉండాది, భూమి కూడా పంచుకుని ఉండారు. దీనికి దగ్గరది బోస్నియా. అది చూస్తే ఏం చేయకూడదో అర్థమైతాది.

1995 నవంబర్‌లో అమెరికాలోని డేటన్‌లో, మిలిటరీ విమానాల బేస్‌లో నాయకుల్ని మూడు వారాలు కూర్చోబెట్టి ఒప్పందం చేయించినారు. దాని నాలుగో అనుబంధమే దేశ రాజ్యాంగం. జనాన్ని ఓటు అడిగింది లేదు, సభలో చర్చ లేదు. యుద్ధం మాత్రం ఆగింది, అది చిన్న సంగతి కాదు, లక్ష మంది దాకా చచ్చిపోయినాక ఆగింది. కానీ రాసింది చూడండి. దేశాధ్యక్షులు ముగ్గురు, ఒక బోస్నియాక్, ఒక క్రొయేట్, ఒక సెర్బ్. ఛైర్మన్ కుర్చీ ఎనిమిది నెలలకొకరికి తిరుగుతాది. దేశం రెండు ముక్కలు, 51 శాతం ఒకరికి, 49 శాతం ఇంకొకరికి. ఆ 51 శాతంలో మళ్లీ పది క్యాంటన్లు (మన జిల్లాల మాదిరి ముక్కలు), ఒక్కోదానికి ఒక ప్రభుత్వం. ఎగువ సభలో మూడు జాతులకు ఐదైదు సీట్లు, "మా జాతికి ప్రాణాధారమైన విషయం" అని చెప్పి ఎవరైనా బిల్లు ఆపొచ్చు. రాజ్యాంగ కోర్టులో తొమ్మిది మంది జడ్జీలైతే ముగ్గురు విదేశీయులు. సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ మొదటి ఆరేళ్లు ఆ దేశపోడూ కాకూడదు, పక్క దేశపోడూ కాకూడదు అని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఒకరినొకరు ఎంత నమ్మలేదో ఆ ఒక్క లైన్ చాలు.

గ్రూప్స్_బ్యాచ్, రాత్రి 10:09
సార్ నిజంగానా, ఆర్బీఐ గవర్నర్ పోస్టుకి నోటిఫికేషన్ ఇస్తూ "భారతీయులు అప్లై చేయరాదు" అన్నట్టుంది 😂

కడప_ప్లీడర్, రాత్రి 10:21
నవ్వొస్తాది గానీ ఆ బ్యాంకే అక్కడ బాగా పనిచేసిన సంస్థల్లో ఒకటి. గట్టిగా పనిచేసిన ఇంకొకటి చెప్తా, బండి నంబర్ ప్లేట్లు. యుద్ధం అయిపోయినాక కూడా ప్లేట్ చూస్తే ఎవరి ప్రాంతం బండో తెలిసిపోయేది, అవతలి వైపు పోవాలంటే భయం. 1998లో అందరికీ ఒకే రకం ప్లేట్ పెట్టినారు. లాటిన్ లిపిలోనూ సిరిలిక్ లిపిలోనూ ఒకే మాదిరి ఉండే అక్షరాలు ఏరి అవే వాడినారు, ఊరి కోడ్ లేకుండా. దాంతో జనం అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టినారు. అది రాజ్యాంగంలో లేదు. అంతర్జాతీయ సమాజం తరఫున కూర్చున్న హై రిప్రజెంటేటివ్ పట్టుబట్టి చేయించింది. జెండా కూడా మూడు పక్షాలూ ఒప్పుకోకపోతే ఆయనే 1998లో ఖరారు చేసినాడు. జాతీయ గీతానికి ఇప్పటికీ మాటల్లేవు, ఉత్త బాణీనే.

రాయచోటి_టు_కువైట్, రాత్రి 10:58
డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చినా, థ్రెడ్ మొత్తం చదివినా. నేను పెద్ద చదువుకున్నోణ్ణి కాదు కానీ నేపాల్ ముచ్చట నేను కళ్లతో చూసినా. 2015లో మా రూంలో ఆరుగురం, నేను, ఇంకొక మన రాజంపేట అబ్బి, నలుగురు నేపాలోళ్లు. ఆ నలుగురిలో ఇద్దరు కొండలోళ్లు, ఇద్దరు జనక్‌పూర్ దిక్కు మధేసీలు, అంటే మన బార్డర్ పక్క మైదానాలోళ్లు. అప్పటిదాకా ఒకే గిన్నెలో వండుకుని తింటాండ్రి. సెప్టెంబర్ 20న కొత్త రాజ్యాంగం ఇచ్చినారంట, కొండలోళ్లకి ఇంటి నుంచి వీడియోలు, కాట్మండులో దీపావళి మాదిరి దీపాలు పెట్టినారు. ఇటు మధేసీ వాళ్లకి కూడా ఇంటి నుంచి ఫోన్లు, వాళ్ల ఊర్లలో లైట్లు ఆర్పేసి చీకట్లో కూర్చున్నారంట. అంతకు ముందే గొడవల్లో నలభై మందికి పైగా చచ్చిపోయి ఉండ్రి. ఒకే రూం, ఒకే రాత్రి, ఇద్దరు స్వీట్లు తెచ్చినారు, ఇద్దరు ముట్టలేదు. ఆ పొద్దు నుంచి గిన్నెలు వేరైనాయి.

తర్వాత బార్డర్ బంద్ పెట్టినారు, కొండలోళ్ల ఇంట్లో గ్యాస్ లేదు, సగం నింపిన సిలిండర్ ఇస్తాండారని రోజూ ఫోన్లో ఏడుపు. మధేసీ అబ్బి నాతో ఒక మాటన్నాడు, "అన్నా, మా జిల్లాలన్నీ ఒకటే మట్టి, ఒకటే బాష, గీత మాత్రం వాళ్లకు కావాల్సిన చోట గీసినారు" అని. రాజ్యాంగం అంటే నాకు ఆ గీత గుర్తొస్తాది.

అనంత_మాస్టారు, రాత్రి 11:30
తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేపాల్ పాఠాలు ఇంకా రెండు ఉన్నాయి, అమ్మాయి దేశానికి ఇదే ఎక్కువ పనికొస్తుంది.

మొదటిది తుపాకుల సంగతి. 1996లో మావోయిస్టులు మొదలుపెట్టిన యుద్ధం 2006 నవంబర్‌లో ఒప్పందంతో ఆగింది, 17 వేల మంది దాకా పోయినారు. మావోయిస్టుల ఆయుధాలు కంటైనర్లలో పెట్టి తాళమేసి ఐక్యరాజ్యసమితి కాపలా పెట్టింది. శిబిరాల్లో పోరాటగాళ్లని లెక్కేస్తే 19,602 మంది తేలినారు. రాజ్యాంగ సభ ఎన్నికలు 2008లో జరిగినాయి, వీళ్ల సంగతి మాత్రం 2012 దాకా తేలలేదు. చివరికి సైన్యంలో చేరింది 1400 పైచిలుకు మందే, ఎక్కువ మంది ఐదు నుంచి ఎనిమిది లక్షల నేపాలీ రూపాయలు తీసుకుని ఇంటికి పోయినారు. అన్నేళ్లు సభలో కూర్చున్న ప్రతోడి బుర్రలోనూ ఆ కంటైనర్లే ఉన్నాయి.

రెండోది గడువు. 601 మంది సభ. రెండేళ్లలో రాజ్యాంగం రాస్తామని నాలుగు సార్లు పొడిగించుకున్నారు. సుప్రీంకోర్టు ఇంక చాలు అన్నాక 2012 మే 28న ఒక్క పేజీ కూడా పాస్ కాకుండానే సభ రద్దయిపోయింది. 2013లో ఇంకో సభ. 2015 ఏప్రిల్‌లో భూకంపం వచ్చి దేశం కూలిపోతే అప్పుడు కంగారుగా నాలుగు పార్టీలు ఒకటై కొన్ని నెలల్లో లాగించేసినాయి. 507 ఓట్లతో పాస్. లెక్క ప్రకారం బ్రహ్మాండమైన మెజారిటీ. కానీ మధేసీ పార్టీలు ఓటింగ్‌కే రాలేదు. మెజారిటీ అంకె చూసి మోసపోవద్దు. రానోళ్లు ఎవరు అని చూడాల.

బురుజు_నీడ (కర్నూలు), ఉదయం 6:40
రాత్రంతా బోస్నియా, నేపాల్ అని తిరిగినారు. ఇంట్లో ఉన్నది ఎవరికీ గుర్తు రాలేదా? పాపా, నువ్వు ముప్పై శాతం తరఫున కూర్చుంటాండావు కదా, కర్నూల్లో పుట్టినదానివి, నీకు వేరే దేశం ఎందుకు. 1937 నవంబర్ 16, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్. కోస్తా నాయకులు, మన సీమ నాయకులు కూర్చున్నారు, మనవైపు కడప కోటిరెడ్డి గారు, కల్లూరి సుబ్బారావు గారు ఉండిరి. ఆంధ్ర రాష్ట్రం రావాలంటే సీమోళ్లు కలిసి రావాల, సీమోళ్లకేమో నదులున్నోళ్లు, చదువుకున్నోళ్లు తమని మింగేస్తారని భయం. అందుకని రాసుకున్నారు. పదేళ్లు నీళ్లలో ముందు వాటా సీమకు, నెల్లూరుకు. యూనివర్సిటీ కేంద్రం ఒకటి అనంతపురంలో. రాజధాని, హైకోర్టు రెండూ ఒకచోట కాకుండా, ఏది కావాల్నో సీమోళ్లే కోరుకోవచ్చు.

ఏమైంది? 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు అయింది, డేరాల్లో ఆఫీసులు నడిపినారు. మా నాయన చెప్పేవాడు, గాలొస్తే ఫైళ్లు ఎగిరిపోతాండె, బంట్రోతులు వెంటబడి పట్టుకొస్తాండ్రి అని. మూడేళ్లు. 1956 నవంబర్ 1న సామాన్లు కట్టుకుని హైదరాబాద్ పోయినారు. అనంతపురంలో యూనివర్సిటీ 1981లో వచ్చింది. నీళ్ల సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతాది.

గ్రూప్స్_బ్యాచ్, ఉదయం 7:15
పెద్దాయనా దండాలు. అదే దక్షిణాఫ్రికాలో మూడు రాజధానులు ఉన్నాయి కదా, మనకు కూడా 2019లో అసెంబ్లీలో ఆ పేరు చెప్పే కదా కర్నూలుకి హైకోర్టు అన్నారు, అది కూడా పోయె. ఎవరు చేసినారో అందరికీ తెలుసు

పెన్నా_ఇసుక (కడప), ఉదయం 7:22
ఎవరు చేసినారు బ్రో, పేరు చెప్పు. ఊరికే ఒకర్నే అంటే కుదరదు, ఆపినోళ్లు ఎవరు మొదలుపెట్టి వదిలేసినోళ్లు ఎవరు

మోడరేటర్, ఉదయం 7:50
పార్టీల గొడవ ఇక్కడ వద్దు, దానికి వేరే బోర్డు ఉంది. తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు తీసేసినా. రాజ్యాంగం మీద రాయండి.

అనంత_మాస్టారు, ఉదయం 8:30
పార్టీలు వదిలేసి, దక్షిణాఫ్రికా మూడు రాజధానుల కథ మాత్రం చెప్పుకోవాల. అది కూడా యుద్ధం తర్వాత చేసుకున్న పంపకమే. 1902లో ఇంగ్లీషోళ్లకూ బోయర్లకూ (అక్కడ స్థిరపడిన డచ్చి సంతతి తెల్లోళ్లు) యుద్ధం ముగిసినాక ఇంగ్లీషోళ్ల కాలనీలు, ఓడిపోయిన బోయర్ల ప్రాంతాలు కలిసి 1910లో ఒకే యూనియన్ అయినాయి. రాజధాని ఎక్కడ అని తేలక ప్రిటోరియాకు పరిపాలన, కేప్‌టౌన్‌కు పార్లమెంటు, బ్లూమ్‌ఫాంటైన్‌కు అప్పీల్ కోర్టు ఇచ్చుకున్నారు. నాలుగో ప్రాంతం నాటాల్‌కు రాజధాని ఏదీ రాలేదు, డబ్బు ఇచ్చి సర్దినారు. కొట్లాడుకున్న తెల్లోళ్లిద్దరూ ముచ్చటగా పంచుకున్నారు, దేశంలో ఎక్కువ మంది అయిన నల్లజాతి వాళ్లకు మాత్రం అందులో ఏమీ లేదు. ఆ బాకీ తీరడానికి 1994 దాకా పట్టింది. ఇద్దరు కొట్లాడి రాజీ పడితే మూడోవాడి నెత్తిన పడుతుంది అనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు తెలీదు.

కడప_ప్లీడర్, ఉదయం 9:05
బురుజు అన్నా, నీ కోపం న్యాయమే. కానీ వకీలుగా ఒక మాట. శ్రీబాగ్ ఎందుకు నిలబడలేదు? అది పెద్దమనుషులు ఒక ఇంట్లో కూర్చుని రాసుకున్న కాగితం. ఏ చట్టంలోనూ ఎక్కలేదు. కోర్టుకు పోయి "ఇదిగో సంతకాలు" అంటే జడ్జి నవ్వుతాడు. ఇది చేయకపోతే ఏమైతాదో అందులో ఒక్క ముక్క కూడా లేదు.

అదే 1953లో ఇంకోటి పుట్టింది చూడు, తుంగభద్ర బోర్డు. ఆంధ్ర రాష్ట్ర చట్టం 66వ సెక్షన్ కింద రాష్ట్రపతి వేసినాడు. శ్రీబాగ్ మాదిరి దానికి ఎవరూ సభలు పెట్టలేదు, పాటలు కట్టలేదు. కానీ ఈ పొద్దుకీ హోస్పేటలో ఆ బోర్డే గేట్లు తిప్పుతాది, హెచ్చెల్సీకి (తుంగభద్ర ఎగువ కాలువకు) ఎంత వదలాల్నో అదే చెప్తాది. ఛైర్మన్ కేంద్రం మనిషి. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోతే మన రైతు మొదట తిట్టింది కూడా ఆ బోర్డునే, అంటే ఎవర్ని తిట్టాలో తెలుసు! ఆ తెలియడమే పెద్ద సంగతి.

ఇంకోటి మన రాజ్యాంగంలో 371-డి ఆర్టికల్, ఉద్యోగాల్లో, చదువుల్లో లోకల్ వాళ్లకు వాటా ఇచ్చేది. 1969, 72 ఉద్యమాల తర్వాత, 1973లో ఆరు సూత్రాలు, 32వ సవరణ. అందులో జోన్-4 అంటే అప్పటి మన సీమ నాలుగు జిల్లాలు. గ్రూప్స్ తమ్ముడూ, నువ్వు అప్లికేషన్‌లో లోకల్, నాన్‌లోకల్ అని టిక్ పెట్టేది దాని వల్లే. రాజ్యాంగంలో ఎక్కింది కాబట్టి ఎంతమంది ముఖ్యమంత్రులు మారినా నడుస్తాంది.

పాపా, నీ టీమ్‌కు నేను చెప్పేది ఒకటే. హామీ అడగొద్దు, ఆ హామీని నడిపే ఆఫీసు అడుగు. ఆ ఆఫీసులో కుర్చీ ఎవరిది, జీతం ఎవరిస్తారు, అది అడుగు.

పెన్నా_ఇసుక, ఉదయం 9:40
సార్ ఆఫీసు ఉన్నా గడువు లేకపోతే నడపరు కదా. ఇరాక్‌లో గడువు కూడా రాసినారు. 2005 రాజ్యాంగం 140వ ఆర్టికల్, కిర్కుక్ ప్రాంతం కుర్దులకా, బాగ్దాద్ సర్కారుకా, ఎవరికి చెందుతాదో 2007 డిసెంబర్ 31 లోపల రెఫరెండం పెట్టాల అని తేదీతో సహా. ఈ పొద్దుకీ పెట్టలేదు. అసలు ఆ రాజ్యాంగమే తొందరతో రాసింది, సున్నీ వాళ్లు 2005 జనవరి ఎన్నికలు బహిష్కరించినారు, తర్వాత కమిటీలో పదిహేను మందిని తెచ్చి కలిపినారు. ఓటు పెడితే సున్నీలు ఎక్కువున్న అన్బార్, సలాహుద్దీన్ రెండూ మూడింట రెండొంతులకు పైగా వద్దన్నాయి. మూడో ప్రాంతం కూడా అట్లే అని ఉంటే మొత్తం వీగిపోయేది, నినెవేలో ఆ అంకె దాటలేదు. ఆ తర్వాత ఎన్నేళ్లు రక్తం పారిందో చూసినాం.

బర్మా కూడా చూడండి. 1947 రాజ్యాంగంలో షాన్, కరెన్నీ రాష్ట్రాలకు పదేళ్ల తర్వాత విడిపోయే హక్కు రాసిచ్చినారు. దానికి సలహా ఇచ్చింది మన రాజ్యాంగ సభకు సలహాదారు అయిన బి.ఎన్.రావు గారే. పదేళ్లయినాయి, హక్కు అడగడం మొదలైంది, 1962లో సైన్యం వచ్చి కూర్చుంది.

తుంగభద్ర_గట్టు, మధ్యాహ్నం 1:15
అందరికీ థాంక్స్, క్లాస్ మధ్యలో దొంగగా చదువుతున్నా. అయితే గడువు రాసినా లాభం లేదు, ఆఫీసు లేకపోతే లాభం లేదు. గడువు దాటితే శిక్ష ఏందో కూడా రాస్తే? అట్లా ఎవరన్నా రాసినారా?

అనంత_మాస్టారు, మధ్యాహ్నం 2:40
రాసినారు. కెన్యా. 2007 ఎన్నికల తర్వాత తెగల మధ్య మారణకాండ జరిగి వెయ్యి మందికి పైగా చనిపోయినాక 2010లో రాజ్యాంగం తెచ్చుకున్నారు. అందులో ఐదో షెడ్యూల్ నిండా గడువులే, ఈ చట్టం ఏడాదిలో, ఆ చట్టం రెండేళ్లలో అని. 261వ ఆర్టికల్ ప్రకారం పార్లమెంటు గడువు దాటితే ఏ పౌరుడైనా హైకోర్టుకు పోవచ్చు, అప్పటికీ చేయకపోతే ప్రధాన న్యాయమూర్తి పార్లమెంటునే రద్దు చేయమని అధ్యక్షుడికి చెప్పాల. 2020 సెప్టెంబర్‌లో చీఫ్ జస్టిస్ మరాగా నిజంగానే చెప్పినాడు. ఆడవాళ్లకు వాటా ఇచ్చే చట్టం చేయలేదు కాబట్టి రద్దు చేయండి అని. వేరే కోర్టులో స్టే వచ్చింది, పార్లమెంటు రద్దు కాలేదు, చట్టమూ రాలేదు. శిక్ష మరీ పెద్దదైతే దాన్ని వాడే ధైర్యం ఎవరికీ ఉండదు. చిన్నది, దానంతటదే పడేది రాయాల.

జమ్మలమడుగు_అక్క, సాయంత్రం 5:30
ఇంత సేపూ చదివినా. ఒక్క ఆడమనిషి మాట లేదు ఈ థ్రెడ్‌లో, ఆ పాప తప్ప.

మా అమ్మగారి ఊర్లో ఫ్యాక్షన్ రాజీ చూసినా నేను. రెండు వర్గాల పెద్దలూ కూర్చున్నారు, బాండు పేపర్ తెచ్చినారు. మొదట ఏం రాసుకున్నారో తెలుసా, బీడు పడిన చేన్లు ఎవరివి వాళ్లు దున్నుకోవచ్చు, అవతలోళ్ల వీధి గుండా పొయ్యే బస్సు మళ్లీ నడవాల. ఆ రెండూ బాగానే నడిచినాయి. మూడోది, రెండు వైపులా సాక్షులు ఎదురు తిరిగి కేసులు పోగొట్టుకోవాల. రాసేసినారు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడోళ్లు ఇద్దరు, ఆ వైపొకరు ఈ వైపొకరు, వాళ్లని అరుగు మీదికి పిలవలా. ఈ వైపామె కోర్టులో "నన్నెవరు అడిగినారు" అని నిలబడింది. రాజీ మళ్లీ మొదటికొచ్చె.

పాపా, నీ దేశంలో చంపినోళ్ల కేసుల సంగతి ఏంది? దక్షిణాఫ్రికాలో క్షమాభిక్ష పెట్టినారు గానీ ఊరికే కాదు, ఒక్కొక్కడూ కమిషన్ ముందుకొచ్చి చేసింది పూర్తిగా చెప్పుకోవాల. నేపాల్‌లో ఘోరమైన నేరాలకు కూడా క్షమాభిక్ష ఇచ్చే వీలు చట్టంలో పెడితే 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే నేపాల్ రాజ్యాంగంలో తల్లి ద్వారా బిడ్డకు పౌరసత్వం రావడానికి తండ్రికి లేని అడ్డంకులు పెట్టినారు, ఆడోళ్లు రోడ్డెక్కినా వినలా. రువాండా 2003లో కనీసం 30 శాతం ఆడోళ్లు ఉండాలని రాజ్యాంగంలో రాసింది, ఇప్పుడు వాళ్ల దిగువ సభలో సగం కంటే ఎక్కువ ఆడోళ్లే. అక్కడ గట్టిగా మాట్లాడే స్వేచ్ఛ ఎంతుందో అది వేరే సంగతి. నీ ముప్పై శాతంలో సగం మంది ఆడోళ్లే కదా, మీ టీమ్‌లో ఎంతమంది?

తుంగభద్ర_గట్టు, రాత్రి 8:50
అక్కా, ఐదుగురిలో ఇద్దరం. కేసుల సంగతి మా డ్రాఫ్ట్‌లో అసలు లేదు, ఇప్పుడే చేర్చినా. క్షమాభిక్ష మొత్తానికి కలిపి ఉండదు, మనిషి మనిషికీ విడిగా, చేసింది ఒప్పుకుంటేనే, చనిపోయినోళ్ల కుటుంబం మాట విన్నాకనే.

ముఖ్యమైన క్లాజు ఇది, చూసి తిట్టండి: "ఎగువ ప్రాంతానికి నదీ జలాల్లో న్యాయమైన వాటా ఉంటుంది. నదీ బోర్డును ఈ రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాది లోపు ఏర్పాటు చేయాలి. చేయని పక్షంలో ఆ తేదీ నుంచి ఎగువ రిజర్వాయర్ల మీద అధికారం దానంతటదే ఎగువ ప్రాంతీయ సభకు పోతుంది, బోర్డు ఏర్పడే వరకు అక్కడే ఉంటుంది. భాష, విద్య, భూమి మీద చేసే ఏ చట్టానికైనా ఎగువ ప్రాంత సభ్యుల్లో సగం మంది ఒప్పుకోవాలి."

బురుజు_నీడ, రాత్రి 9:04
"న్యాయమైన వాటా" కొట్టేయి. ఎవరికి న్యాయం? ఎన్ని టీఎంసీలు, ఏ గేజి దగ్గర కొలవాల, కొలిచేదెవరు, పూడిక పేరుకుని నీళ్లు తగ్గితే ఆ నష్టం ఎవరికి పడాల, అది రాయి. తుంగభద్రలో పూడిక పడి మాకు ప్రతి ఏడూ కోత పడుతాంది. ఆ రోజు ఎవరూ పూడిక గురించి రాయలేదు.

కడప_ప్లీడర్, రాత్రి 9:30
గడువు దాటితే అధికారం మారేది బాగుంది, మాస్టారు చెప్పిన చిన్న శిక్ష ఇదే. అరవై శాతం వాళ్లే పరిగెత్తి బోర్డు వేస్తారు.

చివరి వాక్యం జాగ్రత్త. సైప్రస్‌లో 1960లో ఇదే రాసినారు. పన్నుల చట్టానికి గ్రీకు సభ్యుల్లో మెజారిటీ, టర్కిష్ సభ్యుల్లో మెజారిటీ విడివిడిగా కావాల. ఉద్యోగాలు 70:30, సైన్యం 60:40. వాటా అమలు చేయలేదని టర్కిష్ సభ్యులు 1961లో పన్నుల చట్టం ఆపేసినారు. 1963 చివర్లో ప్రెసిడెంట్ మకారియోస్ పదమూడు సవరణలు ముందు పెట్టినాడు, డిసెంబర్‌లో తుపాకులు లేచినాయి. 1964లో వచ్చిన ఐక్యరాజ్యసమితి సైన్యం ఇంకా అక్కడే ఉంది. అడ్డుకునే హక్కు భాషకు పెట్టు, బడికి పెట్టు. డబ్బు చట్టానికి మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, జీతాలు ఆగితే దేశం ఆగుతాది. భూమి సంగతిలో నాకు కూడా అనుమానమే, రోడ్డు వేయాలన్నా భూమే కదా.

అనంత_మాస్టారు, రాత్రి 9:55
గడువు విషయంలో ఒక చిన్న తాళం కూడా వేయండి. "ఈ గడువును పొడిగించరాదు" అని. లేకపోతే నేపాల్ సభలాగా పొడిగిస్తా పోతారు. అయితే పొడిగింపు అన్నివేళలా చెడ్డది అనుకోవద్దు, చట్టసభల్లో ఎస్సీ ఎస్టీ సీట్ల రిజర్వేషన్ మన రాజ్యాంగంలో పదేళ్లకే రాసినారు. అవసరం తీరలేదు కాబట్టి పదేళ్లకోసారి పొడిగిస్తా వచ్చి, 104వ సవరణతో 2030 దాకా తెచ్చినారు. రక్షణకు పొడిగింపు ఉండొచ్చు, బాకీకి ఉండకూడదు.

కడప_ప్లీడర్, రాత్రి 10:10
అది సరే, డ్రాఫ్ట్ అంతా ఎగువ, దిగువ అని ఇద్దరి గురించే ఉంది. ఆ పది శాతం తెగలోళ్లు యాడికి పోవాల? బోస్నియాలో ఇట్లే మూడు జాతుల పేర్లే రాసినారు. రోమా జాతి సెజ్దిచ్, యూదుడైన ఫించి అని ఇద్దరు, మేం ఈ దేశంలోనే పుట్టినాం, అధ్యక్ష పదవికి పోటీ చేసే అర్హత మాకెందుకు లేదు అని యూరప్ మానవ హక్కుల కోర్టుకు పోయి 2009లో గెలిచినారు. ఈ పొద్దుకీ ఆ రాజ్యాంగం మార్చలేదు. ఆ పది శాతం తరఫున కూర్చునే టీమ్ ఏం అడుగుతాందో ముందు కనుక్కో, వాళ్లు ఎటు మొగ్గితే ఓటు అటే.

తుంగభద్ర_గట్టు, రాత్రి 10:18
సార్ వాళ్లకు టీమే లేదు. కాగితంలో పది శాతం అని రాసినారు గానీ రెండు టీములే పెట్టినారు, మధ్యలో జడ్జీలుగా లెక్చరర్లు. రేపు పోయి అడుగుతా మూడో టీమ్ పెట్టమని. మనుషులు లేరంటారేమో.

గ్రూప్స్_బ్యాచ్, రాత్రి 10:21
అక్కా నేను వస్తా ఆ పది శాతం తరఫున. నంద్యాల నుంచి గంటన్నర. బయటోళ్లని రానిస్తారా?

తుంగభద్ర_గట్టు, రాత్రి 10:23
కనుక్కుని పొద్దున చెప్తా. గేటు దగ్గర ఐడీ అడుగుతారు, ఆధార్ పెట్టుకో. ఇంకొకర్ని కూడా పిల్చుకుని రా, ఒక్కడివే అయితే టీమ్ అనరు.